వంతెన దగ్గర, ఎడమ పక్క

దీపాలు ఒక్కసారిగా ఆరిపోలేదు. ముందు గోడల మీదివి, ఆ తరువాత పైకప్పులోవి, ఒకదాని వెనక ఒకటి మగతలోకి జారినట్టు జారిపోయి, చివరికి మెట్ల అంచున నేల మీద వెలిగే చిన్న బల్బులు మాత్రం మిగిలాయి. ఆ చీకట్లో వదిన చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. నలభై ఏళ్ళకు పైగా ఈ సినిమా పేరెత్తితే చాలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి, మొన్న తనంతట తానే ఫోన్ చేసి, "కత్తెరా, ఆ సినిమా మళ్ళీ వేస్తున్నారట, నన్ను తీసుకెళ్తావా?" అని అడిగింది. కత్తెర. ఆ పేరు అన్నయ్య పెట్టింది. చిన్నప్పుడు ఇంట్లో కత్తెర కంటపడితే కర్టెన్ల అంచులు, పుస్తకాల అట్టలు, ఒకసారి నాన్న చొక్కా జేబు, ఏది దొరికితే అది కత్తిరించి పారేసేదని. తరువాత అదే బతుకైంది. స్కూలు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్‌గా ఇన్నేళ్ళూ బల్ల ముందు నిలబడి నిలబడి, మోకాళ్ళు మొరాయించాక ఈ మధ్యనే మానుకుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళు, అన్నయ్యా, అన్నయ్యను చూసి వదినా. ఇప్పుడు వదిన ఒక్కతే. ఆ ఒక్క పిలుపు కోసమే కావచ్చు, లోపల ఎంత కోపం ఉన్నా ఇన్నేళ్ళూ వదినతో మాటలు మానెయ్యలేకపోయింది.

రోడ్డుకు అవతల, టీ కొట్టు ముందు బల్ల మీద వదిన భర్త కూర్చుని ఉన్నాడు. పశువుల డాక్టరు, మాట తక్కువ మనిషి, ఎవరి ఇంటికెళ్ళినా ముందు కుక్కను పలకరించి తరువాత మనుషులను పలకరించే రకం. టిక్కెట్లు కొన్నది ఆయనే, తలుపు దాకా వచ్చింది ఆయనే, అక్కడ ఆగిపోయి, "మీరిద్దరూ చూసి రండి, నాకీ యుద్ధం సినిమాలు పడవు" అన్నాడు. పడకపోవడమేమిటి, ఇంట్లో టీవీ పెడితే అవే చూస్తాడని వదినే ఎన్నిసార్లు విసుక్కుందో. తన భార్య చనిపోయిన మొదటి భర్తను తెర మీద చూసుకోవడానికి వెళ్తోంది, ఆ పక్క కుర్చీలో తాను ఉండకూడదు అనుకున్నాడు, అంతే. ఆ మాట పైకి అనలేక యుద్ధం మీదికి తోసేశాడు. ఆమె ఆయన్ని డాక్టరుగారూ అనే పిలుస్తుంది. అన్నయ్య అని పిలవాల్సిన వరస. ఒక్కసారి కూడా నోరు రాలేదు.

తెర మీద పొగమంచు. కింద ఎక్కడో నది ఉన్నట్టు చప్పుడు మాత్రం. దర్శకుడి పేరు పడగానే ముందు వరుసల్లోని కుర్రకారు చప్పట్లు కొట్టారు, సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు, సినిమా చదువులు చదువుతున్నవాళ్ళై ఉంటారు. ఆ పెద్దాయన పోయాక పాత ప్రింట్లన్నీ బయటికి తీసి ఒక్కొక్క బొమ్మనూ శుభ్రం చేశారని పేపర్లో రాశారు, గీతలు తుడిచి, రంగు నిలబెట్టి, కొత్త బట్టలా చేసి పెట్టారని. యుద్ధాన్ని ఇంత నిజంగా చూపించినవాడు మరొకడు లేడని కూడా రాశారు. నిజంగా. నిజంగానే మరి, నటులు చాలక నిజం సైనికులనే అడిగి తెచ్చుకున్నాడాయె. పై వాళ్ళు సరేనన్నారు, ఒక దళం మొత్తాన్ని పంపారు, వాళ్ళు కొన్నాళ్ళు లారీల్లో వచ్చి, ఉత్త తుపాకులు పట్టుకుని, బూడిద పూసుకుని, పరిగెత్తమంటే పరిగెత్తి పడమంటే పడ్డారు. వాళ్ళలో అన్నయ్య ఒకడు. ఆ తరువాత కొన్నాళ్ళకే అసలు తుపాకులు ఇచ్చి ఇంకో చోటికి పంపారు. ఆ నది వేరు. అక్కడ కెమెరా లేదు.

పొగమంచులోంచి మొదటి సైనికుడు బయటికొచ్చాడు, వెనకే ఇంకొకడు, వాళ్ళ బూట్ల చప్పుడు ఈ కొత్త హాల్లో నాలుగు పక్కలనుంచీ వస్తోంది, వెనక నుంచి కూడా, ఎవరో మెట్లు దిగుతున్నారేమోనని వదిన వెనక్కి తిరిగి చూసింది. "ఇంకా రాలేదు," ఆమె వదిన చెవిలో చెప్పింది. "చాలాసేపుంది. నేను చెప్తాగా." వదిన తలూపింది. సెలవు మీద వచ్చినప్పుడు అన్నయ్య కూడా ఇలాగే చెప్పాడు, "వంతెన దగ్గర చూసుకోండి, ఎడమ పక్క. ఇసుక బస్తాల వెనకనుంచి లేస్తాను, పరిగెత్తుతాను, చస్తాను." అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. "నోరు ముయ్యరా" అంది, కళ్ళ నీళ్ళు ఉల్లిపాయలవే అప్పటికి. "నేనేం చెయ్యనమ్మా, ఆయనకు నా చావు నచ్చలేదు. ఒరేయ్, నువ్వు పడ్డావు గానీ చావలేదు, మళ్ళీ, అంటాడు. లేచి దులుపుకుని మళ్ళీ చస్తాను. ఇప్పుడు చచ్చావు గానీ అందంగా చచ్చావు, యుద్ధంలో ఎవడూ అందంగా చావడు, మళ్ళీ, అంటాడు. పొద్దుగూకేదాకా చస్తూనే ఉన్నాను. అన్నం వేళకు తప్ప బతకనివ్వలేదు." చూపించనా అంటూ బీరువా పక్కన ఖాళీ చూసుకుని, రెండడుగులు పరిగెత్తి, ఎవరో వీపు మీద గుద్దినట్టు ముందుకు తూలి దభీమని పడ్డాడు. బల్ల మీది గ్లాసులు దొర్లుకుంటూ పోయాయి. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకున్నాడు. లెమ్మంటే లేవడు. గుమ్మంలో నిలబడ్డ వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, పెళ్ళయి ఏడాది తిరగలేదు, అత్తగారి ముందు నవ్వాలో వద్దో తెలియని వయసు. ఎంతకీ లేవకపోయేసరికి నవ్వు ఆగిపోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ముఖం మీద కుమ్మరించింది. అప్పుడు లేచాడు, ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూ, "చూశావా అమ్మా, నీ కోడలు నన్ను బతికించింది" అంటూ.

ఆ ముఖం, నీళ్ళు కారుతూ దగ్గుతున్న ఆ ముఖం, అదే ఇంట్లోవాళ్ళు చూసిన ఆఖరు ముఖం. వచ్చింది పెట్టె. తెరవొద్దన్నారు. తెరవొద్దని చెప్పడానికే ఒక అధికారి వెంట వచ్చాడు, చిన్నవాడు, మీసం కూడా సరిగా రాలేదు, పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి, "వద్దమ్మా, నా మాట వినండి" అని అమ్మను బతిమాలాడు. అమ్మ వింది. ఎందుకు విన్నానా అని తరువాత ఎన్నేళ్ళు తల కొట్టుకుందో. ఫోటో ఒకటుంది, పెళ్ళినాటిది, అందులో అన్నయ్య తల దించుకుని కిందకి చూస్తున్నాడు. దాన్నే పెద్దది చేయించడానికి స్టూడియోకి ఇస్తే ఆ స్టూడియోవాడు ఘనకార్యం చేసినట్టు కనురెప్పలు పైకెత్తి కళ్ళు గీసి, మీసం దిద్ది, బుగ్గలకు నునుపు పెట్టి ఇచ్చాడు. గోడకు తగిలించారు. అమ్మ దానికేసి చూసేది కాదు. "ఎవడో పెళ్ళికొడుకు" అనేది.

అందుకే ఈ సినిమా. విడుదలయ్యేసరికి అన్నయ్య పోయి ఏడాది కావచ్చింది. మొదటి రోజు నాన్న, అమ్మ, ఆమె వెళ్ళారు. వదిన రానంది. జనం కిక్కిరిసి ఉన్నారు, చెమట, బీడీ పొగ, వెనక ఎవరి బిడ్డో ఏడుపు. వంతెన వచ్చింది. ఎడమ పక్క ఇసుక బస్తాలు. వాటి వెనకనుంచి ఒకడు లేచాడు, పరిగెత్తబోతూ ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు, ఇనప టోపీ నీడలో ముఖం, గడ్డం, అంతే. అమ్మ లేచి నిలబడి, "అదిగో! అదిగో నా కొడుకు!" అని హాలంతా అదిరిపోయేలా అరిచింది. కూర్చోవమ్మా అని ఎవరూ అనలేదు. వెనక బిడ్డ కూడా ఏడుపు ఆపేసింది. అప్పటికే వాడు పరిగెత్తి, తూలి, పడిపోయాడు, పొగ కప్పేసింది. తాను చూసిందా? చూసింది. అమ్మ అరిచాక చూసింది. ఎడమ భుజం కాస్త కిందికి ఉంది, అన్నయ్యకు అంతే, చొక్కా కుట్టేటప్పుడు ఆ పక్క వేలెడు తగ్గించేది. ఇంటికొచ్చాక ఆ భుజం సంగతి చెప్పింది, అమ్మ తలూపుతూ తలూపుతూ ఏడ్చింది. నాన్న ఏమీ అనలేదు. చెప్పులు విడిచి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ సినిమాకి రాలేదు. తట్టుకోలేకపోతున్నాడు పాపం అనుకున్నారు.

అమ్మ మాత్రం ఎక్కడ ఆడితే అక్కడికి బయల్దేరేది. వెంట ఆమె. దూరపు ఊళ్ళకి బస్సుల్లో, ఎండలో, వానలో. ఒక హాలు వాళ్ళకైతే తెలిసిపోయింది, అక్కడ టిక్కెట్లు చింపే ముసలాయన ఎడమ పక్క వరుసలో చివరి రెండు కుర్చీలు వాళ్ళ కోసం అట్టేపెట్టేవాడు, వంతెన వచ్చే ముందు తలుపు తెర కొంచెం తీసి పెట్టి నిలబడేవాడు, వెళ్ళిపోతారని తెలిసి. ఎందుకంటే వాడు పడటం అమ్మ చూడదు. మొదటి రోజు తప్ప ఇంకెన్నడూ చూడలేదు. వాడు లేస్తాడు, వెనక్కి చూస్తాడు, ఆ చూపు దగ్గరే అమ్మ లేచి, "పద, బస్సు వెళ్ళిపోతుంది" అనేది. బస్సు ఎప్పుడైనా ఉండేది. వెలుతురులోకి వచ్చాక నడుస్తూ, "బాగానే ఉన్నాడు కదే" అనేది. ఉత్తరం వచ్చినట్టు, ఊరెళ్ళి చూసొచ్చినట్టు. తరువాత వీడియో క్యాసెట్ల రోజులు వచ్చాక ఒకటి కొని తెచ్చింది ఆమె. అమ్మ రోజూ వేయించుకునేది. వెనక్కి తిప్పు, ఆపు, వెనక్కి తిప్పు. ఆ ఒక్క చోటే టేపు సాగిపోయింది. ముందు ముఖం మీద ఒక తెల్లగీత, తరువాత రెండు, తరువాత జల్లు, చివరికి బస్తాల వెనకనుంచి ఒక తెల్లటి మరక లేచి పరిగెత్తేది. చూసిన కొద్దీ చెరిగిపోయాడు. అమ్మకి మాత్రం కనిపిస్తూనే ఉండేవాడు.

వదిన సంగతి తేల్చింది కూడా అమ్మే. ఒకరోజు వదిన బట్టలు ఆరేస్తుంటే వెనక నిలబడి, "నువ్వు ఇంకో పెళ్ళి చేసుకో. నాకు వాడు సినిమాలో ఉన్నాడు, నీకేముంది?" అంది. అంత మాట అనగలిగింది అమ్మ. వెతికి వెతికి ఆ పశువుల డాక్టర్ని పట్టుకొచ్చింది. పెళ్ళి రోజు అతనేదో చెవిలో చెప్తే వదిన నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది, ఆనాడు గుమ్మంలో నవ్వినట్టే. దూరంగా నిలబడి చూసిన ఆమెకు ఆ నవ్వు ముల్లులా దిగబడి మళ్ళీ బయటికి రాలేదు. మరిచిపోయింది, అనుకుంది. ఎంత తేలికగా మరిచిపోయింది. తనేమో పెళ్ళి మాటెత్తితే అమ్మను ఎవరు సినిమాకి తీసుకెళ్తారని అడ్డం వేసేది, మొదట్లో నవ్వులాటకే, తరువాత అదే నిజమై కూర్చుంది. వదినకు పిల్లలు పుట్టారు, పెరిగారు, జుట్టు నెరిసింది, అయినా ఆమె లోపల ఆ మాట అలాగే ఉంది, మరిచిపోయింది అని. పోయిన వానాకాలం అమ్మ పోయినప్పుడు వదిన వచ్చి ఏడ్చిన ఏడుపు చూసి కూడా, నీకేం తెలుసులే, అనుకుంది.

తెర మీద హీరో డేరాలో కూర్చుని భార్యను తలుచుకుంటున్నాడు. పడుచుతనంలో ఇక్కడ ఎంత ఏడ్చేదో. నడి వయసులో ఇదే చోట ఒళ్ళు మండేది, వాడికి తలుచుకోవడానికి ఇంతసేపు, సంగీతంతో సహా, ఎడమ పక్క వాడికి ఒక్క చూపు. ఇప్పుడు ఏడుపూ రావడం లేదు, మంటా లేదు, కాలర్లు కనిపిస్తున్నాయి. బొమ్మ ఎంత తేటగా ఉందంటే కుట్లు లెక్కపెట్టవచ్చు. ఆ కాలర్లు కోసినవాడెవడో గానీ వాణ్ణి బల్ల దగ్గర నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టాలి, కుడి కొన ఒక తీరు ఎడమ కొన ఒక తీరు. తేటగా ఉంది, గడ్డి పోచలు, బురదలో నీటి మెరుపు, గోళ్ళ సందుల్లో నలుపు. ఇంత తేటగా అన్నయ్యను చూస్తే ఎలా ఉంటుందో. అమ్మ ఉండాల్సింది. ఇంకొక్క ఏడాది ఉండుంటే. వంతెన కనిపించింది, ఇనప దూలాలు, వెనక తెల్లటి ఆకాశం. ఆమె వదిన చెయ్యి గట్టిగా నొక్కింది. "ఇప్పుడే. ఎడమ పక్క. బస్తాల వెనక."

లేచాడు. ఎడమ భుజం కిందికి ఉంది. పరిగెత్తబోతూ వెనక్కి తిరిగాడు. టోపీ కింద నీడ లేదు, నీడను కూడా కడిగేశారు, వెలుతురు సూటిగా ముఖం మీద పడింది, లోపలికి దిగిన కళ్ళు, వెడల్పు ముక్కు, గడ్డం మధ్య సొట్ట, ఎవరో మనిషి. ఎవరో. ఇరవయ్యేళ్ళు ఒకే కంచంలో తిని పెరిగిన చెల్లెలికి అన్న ముఖం తెలియదా, ఇంకోసారి చూడనక్కరలేదు, రుజువులు అక్కరలేదు, కాదు. పరిగెత్తాడు. తూలాడు. పడ్డాడు. అందం లేకుండానే పడ్డాడు. పొగ వచ్చింది.

పక్కకి చూడలేకపోయింది. వదినకు తెలియకూడదు. ఎన్నో ఏళ్ళ కిందటి మాట, ఏడాది కూడా నిండని కాపురం, అందులోనూ సెలవుల్లో వచ్చిపోయే మొగుడు, ఆ ముఖం వదినకు ఎక్కడ గుర్తుంటుంది, ఈయనే అనుకుంటుంది, అనుకోనీ, అమ్మ అనుకోలేదా, ఇంటికెళ్ళి డాక్టరుగారికి చూశానని చెప్పుకుంటుంది, మనసు కుదుటపడుతుంది, ఒక్కరికైనా. తన చేతిలో ఉన్న వదిన చెయ్యి మెల్లగా వదులైంది. వెనక్కి వెళ్ళలేదు, అక్కడే ఉంది, బలం మాత్రం పోయింది.

"ఆయన కాదు కదా," అంది వదిన.

అడగలేదు. చెప్పింది. తుపాకుల మోతలో కూడా ఆ మాట స్పష్టంగా వినపడింది.

ఆమె నోరు తెరిచింది. ఆయనే వదినా, చిక్కిపోయాడు అంతే, అందామనుకుంది. నాలుక దాకా వచ్చింది.

"కాదు వదినా."

"నేను సరిగ్గానే చూశానా? నువ్వు చెప్పిన చోటే చూశానా?"

"అక్కడే. మేము ఇన్నాళ్ళూ చూసింది అతన్నే."

"అత్తయ్యకి తెలుసా?" అంది వదిన. ఆమె తల అడ్డంగా ఊపింది, చీకట్లో వదినకు కనపడిందో లేదో. తెలియదు. తెలిస్తే అన్ని బస్సులు ఎక్కేదా? తెలిసే ఎక్కిందా? నాన్నకు తెలుసు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్న నాన్నకు తెలుసు, తట్టుకోలేక కాదు, చెప్పలేక రాలేదు, ఒక్క మాట అంటే పెళ్ళాం దగ్గర మిగిలిన ఆ కాస్తా పోతుందని నోరు కుట్టేసుకుని పోయాడు. ఇక తను? అమ్మ అరిచాక చూసింది తను. భుజం చూసింది. ఎవరి భుజం మాత్రం కిందికి ఉండదు గనక, రోజంతా తుపాకీ మోసేవాడు ఎవడైనా ఒక పక్కకి ఒరుగుతాడు, కార్ఖానాలో కొలతలు తీసుకునే తనకు ఆ మాత్రం తెలియదా, తెలుసు, అయినా అమ్మ అరిచింది కాబట్టి ఒక భుజం వెతికి తెచ్చి ఇచ్చింది. మరి ఇతనెవరు? ఇతను తిరిగొచ్చాడా? ఎక్కడో ఒక ఇంట్లో ముసలివాడై కూర్చుని, ఇదిగో ఇక్కడ, ఎడమ పక్క, నేనే, అని మనవలకు చూపించి నవ్విస్తున్నాడేమో. బతికున్నవాడి కోసం అమ్మ అన్నేళ్ళు ఏడ్చిందేమో. లేకపోతే ఇతనికీ ఒక అమ్మ ఉండి, ఆమె కూడా ఏ హాల్లోనో చివరి కుర్చీలో కూర్చునేదేమో, ఒకవేళ ఏదో ఒక ఊళ్ళో ఇద్దరూ ఒకే ఆట చూసి, ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చారేమో.

మరి అన్నయ్య ఏడీ?

ఆ ప్రశ్న పుట్టిన దగ్గర్నుంచి సినిమా సినిమాగా లేదు. వంతెన మీద ఇంకా పరిగెత్తుతున్నారు, ఎడమ పక్క ఇంకొకడు, ఇంకొకడు, అతనా, పొడుగెక్కువ, అతనా, ముఖం తిప్పడు, తిప్పు, ఒక్కసారి ఇటు తిప్పు నాయనా. నీళ్ళలో తేలుతున్నవాళ్ళు బోర్లా ఉన్నారు. హీరో పక్కనుంచి స్ట్రెచర్ మోసుకుపోతున్న ఇద్దరిలో వెనకవాడి ముఖం సరిగ్గా హీరో తల వెనకకి వచ్చి ఆగింది, ఆ తల పక్కకి జరిగేసరికి స్ట్రెచర్ వెళ్ళిపోయింది. వదిన ముందుకు వంగి కూర్చుంది. "అదిగో, ఆ చెట్టు కింద?" "కాదు." "ఆ లారీ మీద, వెనక?" "తెలియడం లేదు వదినా." ముందు వరుస కుర్రవాడొకడు వెనక్కి తిరిగి చూసి, ఇద్దరు ముసలివాళ్ళని చూసి, మళ్ళీ తెరవైపు తిరిగిపోయాడు. హీరో చనిపోయాడు, మొదటి రోజు చూసినట్టే ఎంతోసేపు, సంగీతం వచ్చింది, ముందు వరుసల్లో ముక్కులు ఎగబీలుస్తున్నారు, వీళ్ళిద్దరు మాత్రం హీరోకి వెనక, దూరంగా, చుక్కల్లా కదులుతున్న మనుషుల మీద కళ్ళు పెట్టి చూస్తున్నారు.

అప్పుడే ఆమెకు ఒక భయం తెలిసొచ్చింది, చన్నీళ్ళలో కాలు పెట్టినట్టు. కాదు, కాదు అని ఒక్కొక్కర్నీ తోసేస్తోంది గానీ అవునంటే ఎలా ఉండాలి? కళ్ళు మూసుకుని అన్నయ్యను పిలిచింది. వంటింట్లోకి పిలిచింది, బీరువా పక్కకి పిలిచింది, గ్లాసులు దొర్లాయి, నీళ్ళు పడ్డాయి, దగ్గుతూ లేచాడు, ముఖం ఎత్తాడు, లోతు కళ్ళు, వెడల్పు ముక్కు, సొట్ట గడ్డం. ఛీ. మళ్ళీ పిలిచింది. ఈసారి స్టూడియోవాడు దిద్దిన పెళ్ళికొడుకు లేచాడు. మళ్ళీ. తెల్లటి మరక. గొంతు వస్తోంది, "నీ కోడలు నన్ను బతికించింది" అన్న మాట ఆ దగ్గుతో సహా వస్తోంది, చొక్కా కొలతలు వస్తున్నాయి, ఛాతీ, చెయ్యి పొడుగు, మెడ, అన్నీ వస్తున్నాయి, ఆ మెడ మీద ముఖం రావడం లేదు. అన్నేళ్ళు ఎవరినో చూడటానికి వెళ్ళి వెళ్ళి సొంతవాణ్ణి చెరిపేసుకుంది. మరిచిపోయింది అని ఎవరిని అనుకుంది ఇన్నాళ్ళూ? కళ్ళు తెరిస్తే తెర మీద పేర్లు పైకి పోతున్నాయి, వంటవాళ్ళవి, డ్రైవర్లవి, జుట్టు దువ్వినవాళ్ళవి, ఆఖర్న, దళంలోని సైనికులందరికీ కృతజ్ఞతలు అని ఒక వరుస. పేర్లు లేవు. చప్పట్లు. దీపాలు వెలిగాయి.

మెట్లు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దిగారు. బయట ఎండ ఇంకా ఉంది, కళ్ళు తెరవనివ్వలేదు. డాక్టరుగారు రోడ్డు దాటి ఎదురొచ్చాడు, వాళ్ళ ముఖాలు చూసి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. వదిన ముందు కూర్చుంది, ఆమె వెనక. కారులో మందుల వాసన, ఏదో జంతువు వెంట్రుకలు సీటుకు అంటుకుని ఉన్నాయి. కారు కదలలేదు. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"కనిపించాడా?" అన్నాడు చివరికి.

"లేదు," అంది వదిన. "అందులో లేడు. అత్తయ్యావాళ్ళు ఇన్నాళ్ళూ చూసింది వేరే ఎవర్నో."

ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన తాళం తిప్పాడు, ఇంజను మొదలైంది, మళ్ళీ ఆపేశాడు.

"ఎలా ఉండేవాడు?" అని అడిగాడు. "నేనెప్పుడూ అడగలేదు. అడిగితే నువ్వు బాధపడతావని... అదే అలవాటైపోయింది. అడగాల్సింది."

వదిన కిటికీ అద్దం మీద ఎవరో వేసిన వేలిముద్రను కొంగుతో తుడిచింది. తుడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది, సరుకులు చెప్పినట్టు, తొందర లేకుండా. నుదురు చిన్నది, జుట్టు కిందికంటా మొలిచేదని. కళ్ళు పెద్దవేం కావని. కుడి కనుబొమ్మ ఎడమదాని కన్నా కాస్త పైకి ఉండేదని, అందుకని మామూలుగా చూసినా ఏదో అడుగుతున్నట్టు ఉండేవాడని. ముక్కు సన్నం, కొన మీద ఎర్రగా ఉండేది ఎండాకాలం. పైపెదవి పలచన. పక్కపళ్ళలో ఒకటి లోపలికి తిరిగి ఉండేది, అది కనపడుతుందని ఫోటోలో నోరు మూసుకున్నాడు. నవ్వే ముందు ఒకసారి పక్కకి చూసేవాడు, ఎవరైనా తిడతారేమోనని చూసుకుని అప్పుడు నవ్వేవాడు.

ఆ కనుబొమ్మ ఆమెకు గుర్తుకు రాలేదు. ఆ పన్ను కూడా. వదిన గొంతు మెల్లమెల్లగా చిన్నదైపోతోంది, రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. ఆమె ముందు సీట్లు రెంటినీ రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ళ నొప్పి కూడా మరిచి, ఆ రెండు తలల మధ్యకు వీలైనంత ముందుకు వంగింది.

"ఇంకా చెప్పు వదినా," అంది.